అత్తగారి పేరున్న పెట్టె

కరకోల్ ఊళ్ళో ఆ గురువారం మధ్యాహ్నం మంచు కురిసి వెలిసింది. చినారా పొయ్యి మీద నూనె కాచి బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తోంది. గురువారంనాడు నూనె వాసన లేపితే ఇంట్లో పోయినవాళ్ళ కడుపు నిండుతుంది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడేసి అంటారు గానీ, అత్తగారి విషయంలో చినారా ఆ మాట అనదు. వాసన మాత్రం లేపుతుంది. లేపకపోతే ఊరు ఊరుకోదు.

నాలుగేళ్ళ అక్మరల్ తివాచీ మీద గుండ్రంగా పరుగెడుతోంది.

"పడతావే, దూడా!"

"దూడని కాదు, గుర్రాన్ని! గుర్రాలు పడవు!"

తొలి బిడ్డ నానమ్మ సొత్తు. పెంపకం ఆవిడదే, అమ్మా అన్న పిలుపూ ఆవిడకే. ఆ ఊళ్ళో అందరూ ఇస్తారు. చినారా ఇవ్వలేదు. ముసలామె మంచాన పడి కూడా "నా పిల్లని నాకివ్వవే" అంటూనే పోయింది.

చినారా మొగుడు ఎల్దియార్ తన తల్లి కాలక్షేపానికి పాత లాప్‌టాప్‌లో ఓ సర్వర్ పెట్టాడు. సీరియళ్ళన్నీ అందులోంచి టీవీకి వస్తాయి. ఆ సర్వర్‌ని ఒక కంటైనర్‌లో బిగించాడు. సాఫ్ట్‌వేర్‌తో కట్టిన పెట్టె అన్నమాట.

"మనం చూపించిన అర, అంటే ఫోల్డర్, తప్ప బయటిదేదీ దానికి కనపడదు," అని పెళ్ళానికి చెప్పాడు. "పెట్టెని చెరిపేస్తే అరల్లోది అరల్లోనే ఉంటుంది. పెట్టె లోపలున్నది మాత్రం దాంతోపాటే పోతుంది."

"అయితే నా పిల్ల వీడియోలున్న అర చూపించకు," అంది చినారా. "ఆవిడకి దాని బొమ్మ కూడా ఇవ్వను."

ముసలామె పోయి నెల దాటింది. సర్వర్‌లో ఆమె ఖాతా అలాగే ఉంది. రేపు నలభయ్యోనాటి భోజనాలు. ఎల్దియార్ గొర్రెను బేరమాడడానికి పై ఊరు వెళ్ళాడు.

నూనె వాసన ఇల్లంతా కమ్ముకుంది. బొగ్గు పొగ... వేగిన పిండి... వాటి అడుగున, ముసలామె పూసుకునే మందు వాసన.

టీవీ దానంతటదే వెలిగింది.

అత్తగారి ఫోటో. కింద, 'ఇప్పుడు చూస్తున్నారు' అని.

తెర మీద ఏడాది వయసు అక్మరల్. తొలి అడుగుల వేడుక. చీలమండలకి కట్టిన నలుపు తెలుపు దారాన్ని ఎవరో కత్తిరిస్తున్నారు. పిల్ల అడుగు వేసింది. వీడియో అయిపోయింది.

వెనక దబ్బున చప్పుడు.

"అమ్మా... కాళ్ళు రావట్లేదు..."

చినారా పిల్లని ఎత్తుకుని టీవీ తీగ పీకేసింది. తెర ఆరింది. లాప్‌టాప్ మీద పచ్చదీపం మాత్రం గబగబా కొట్టుకుంటోంది. దాని తెర మీద ఇంకో వీడియో నడుస్తోంది. తొలి మాట. దాని తీగా పీకింది. బ్యాటరీ ఉంది... ఆగలేదు.

ఆ వీడియో కూడా అయిపోయింది. ఒళ్ళో పిల్ల నోరు తెరిచింది. గొంతు లేదు.

'తర్వాత వచ్చేది: పుట్టుక.'

చినారా ఫోన్ చేసింది. "ఏమయ్యా! నా పిల్లని మీ అమ్మ పెట్టెలో ఎందుకు పెట్టావ్?"

"నేనా? ఈ గొర్రె మీద ఒట్టు, పెట్టలేదు. పోయేముందు కూడా బతిమాలింది. నీ నోటికి జడిసి ఇవ్వలేదు."

"పెట్టెని చెరపడానికి ఏం కొట్టాలో చెప్పు! తొందరగా!"

"ఆగవే. నేను చూపించకుండా కనపడుతున్నాయంటే అవి అరలో లేవు... పెట్టె లోపలికే వెళ్ళాయి. నన్ను రానీ—"

"చెబుతావా లేదా!"

చెప్పాడు. "చివర్లో పెట్టె పేరు కొట్టాలి."

"ఏం పేరు?"

"అమ్మ పేరే."

కోడలు అత్త పేరు పలకదు. రాయదు. పలికితే పిలిచినట్టే. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ పేరు చినారా నోట రాలేదు.

లాప్‌టాప్‌లో పురిటి గది. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు. వీడియో గీత చివరికి పాకుతోంది... ఒళ్ళో పిల్ల చల్లబడుతోంది...

చినారా పిల్లని తివాచీ మీద పడుకోబెట్టింది. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ కొట్టింది. మీట నొక్కింది.

పచ్చదీపం ఆరిపోయింది. ఏడుపు ఆగింది.

పొయ్యి మీద నూనె మాడుతోంది.

"పోయింది," అంది ఫోన్లో, వగరుస్తూ. "చెరిపేశాను. పాప దక్కింది."

"ఏ పాప?" అన్నాడు ఎల్దియార్.

చినారా వెనక్కి తిరిగింది. తివాచీ మీద చిన్న మేజోళ్ళు రెండు. ఇంకా కాళ్ళ ఆకారంలోనే ఉన్నాయి.

"ఏ పాపేంటి... మన..."

పేరు రాలేదు. వెతుక్కుంది. నాలుక కొరుక్కుంది. నోట్లో ఒకే ఒక్క పేరు మిగిలింది, ఇందాక అక్షరం అక్షరం పలికింది.

ఆ పేరుతోనే పిలిచింది... మెల్లగా.

పక్క గదిలో ముసలామె మంచం కిర్రుమంది. "ఆఁ, వస్తున్నా" అని రెండు గొంతులు పలికాయి.

ముందు పలికింది చిన్నది.