స్తంభం కింద మేనమామ

"అయ్యో... ఇదేమిటి తల్లీ!"

పూంగోదై చేతిలోని కొబ్బరి పీచు జారి నీళ్ళ బకెట్లో పడింది.

ఆయుధ పూజ పొద్దు. తమిళనాడు తిరుచెంగోడులో ఏ వాకిట్లో చూసినా, ఊరూరా తిరిగి బోర్లు వేసే బోరు బండ్లకు తలంట్లే! మగవాళ్ళు ఎన్ని నీళ్ళు కొట్టినా, బొట్టు పెట్టే చోటు మాత్రం ఇంటి ఇల్లాలే తన చేత్తో తోమాలి. బండి మీద పడుకోబెట్టి ఉన్న, తవ్వే రాడ్లను భూమిలోకి దింపే పొడవాటి ఇనుప స్తంభం మొదట్లో, సరిగ్గా పసుపు రాయబోయే చోట, ఆమె కాస్త గట్టిగా రుద్దింది. అంతే! కొత్త రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. రంగు కింద లప్పం. లప్పం కింద చుట్టూతా తిరిగిన అతుకు... ఆ అతుకులో గోరు దూరేంత పగులు!

బోరు బండ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆమె. విరిగిన స్తంభాన్ని అతికించి పైకి లేపితే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. రెండు మూడు నెలల కిందట, ఆడి మాసంలో కొన్నప్పటి నుంచీ భర్త నల్లతంబి దాని కిందే నిలబడి రాడ్లు మారుస్తున్నాడు! రేపు మధ్యప్రదేశ్ ప్రయాణం... ఇక సీజనంతా దాని కిందే!

అమ్మినవాడు పరాయివాడైతే నడివీధిలో దుమ్మెత్తిపోసేది. కానీ అమ్మింది సొంత అన్న సెంగోడన్! "ఒక్క చోట కూడా వెల్డింగు పడని బండి బావా, కన్నబిడ్డలా చూసుకున్నా" అని చెప్పి మరీ అమ్మాడు. "ఒక్క బోరు వేసి చూసి తీసుకుందాం" అని నల్లతంబి అప్పుడే అన్నాడు పాపం. ఆమే ఎగిరిపడింది. "మా అన్న బండికి పరీక్షా? అత్తారింట్లో విస్తరి ముందు కూర్చుని అన్నం వాసన చూస్తారా ఎవరైనా?" ఆ ఊరి మర్యాదే అంత. పరాయి బండికి సవాలక్ష పరీక్షలు, చుట్టాల బండికి ఒక్క కొబ్బరికాయ. నల్లతంబి నోరు మూసుకున్నాడు. మూయించింది తనే!

భర్తకు చెప్పేయాలని లేచింది. అంతలోనే ఆగింది... చెబితే పుట్టింటి గడప ఇక ఉంటుందా? వచ్చే వారమే కూతురు యాళినికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోకుండా ఏ ఆడపిల్లకు చెవులు కుట్టారు! అయినా... అన్నకు కూడా తెలియదేమో! అతణ్ణీ ఎవరైనా మోసం చేశారేమో! ఆ ఒక్క ఆశను పట్టుకుని, పగులు కనబడకుండా చామంతి దండ చుట్టింది. క్యాబిన్‌లోని బండి తాళంచెవి తీసి నడుముకు దోపుకుంది.

పూజ వేళకు సెంగోడన్ సారె పళ్ళెంతో నవ్వుతూ దిగాడు. "ఏమే చెల్లాయ్, మొహం అట్లా పీక్కుపోయింది? మా బావ కాఫీ నీళ్ళైనా పోయట్లేదా?"

"పొద్దుట్నుంచీ బండినే తోముతోంది బావా! నా వీపు ఏనాడైనా ఇంత ప్రేమగా తోమిందా మీ చెల్లెలు?" అన్నాడు నల్లతంబి. అందరూ నవ్వారు. పూంగోదై నవ్వలేదు.

హారతి అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. "ఇక స్తంభం లేపండ్రా, గుమ్మడికాయతో దిష్టి తీయాలి" అంది అత్తగారు పావాయి.

పూంగోదై పాపను ఎత్తి అన్న చేతుల్లో పెట్టింది. "పాపను ఎత్తుకుని కింద నిలబడు అన్నా. మేనమామ నిలబడితే ఏ దిష్టీ తగలదు."

ఆమె అన్న మొహాన్నే చూస్తోంది. నీకు తెలియదనిపించు అన్నా... ఊరికే వెళ్ళి నిలబడు... ఒక్కసారి నిలబడు!

సెంగోడన్ ఒక అడుగు వేసి ఆగిపోయాడు. "ఇప్పుడెందుకులే... ఎండగా ఉంది..."

"ఎండేమిటయ్యా, మబ్బు పట్టి చస్తుంటే!" అంది పావాయి.

నల్లతంబి క్యాబిన్ తలుపు తీశాడు. "లేపేదా బావా?"

"వద్దు!" సెంగోడన్ పాపను గుండెకు అదుముకుని వాకిలి చివరికి పరిగెత్తాడు. "లేపొద్దు బావా! అది విరిగిన స్తంభం! నీ కాళ్ళు పట్టుకుంటా, లేపొద్దు!"

పూంగోదై నడుములోంచి తాళంచెవి తీసి చూపించింది.

"అది లేవదులే అన్నా. నీ మేనకోడలి కోసం గొంతు చించుకుని అరిచావు, సంతోషం! మరి ఈయన ఆడి మాసం నుంచీ దాని కిందే నిలబడ్డాడే... ఒక్కసారైనా అరవాలనిపించలేదా? నా తాళి అంత చవకైపోయిందా నీకు?"

సెంగోడన్ పాపను కిందికి దింపి కుప్పకూలాడు. "ఘాట్ రోడ్డులో బోల్తా పడింది తల్లీ... చూడవచ్చిన ప్రతివాడూ బోరు వేసి చూపించమన్నాడు... నువ్వొక్కదానివే అడగలేదు!"

ఆ మాటకు ఆమె తట్టుకోలేకపోయింది. భర్త కాళ్ళ మీద పడి భోరుమంది. "నిన్ను ఆపింది నేనే! నా నోరే నిన్ను దాని కింద నిలబెట్టింది!"

నల్లతంబి ఆమెను లేవదీశాడు. "అన్నను నమ్మావు. అదీ ఒక తప్పేనా?" అన్నాడు. తర్వాత ఆమె చేతిలోని తాళంచెవి తీసుకుని, సెంగోడన్ వైపు చూడకుండానే అందించాడు. "బండి తోలుకుపో బావా. ఆ స్తంభం కోసేసి కొత్తది నిలబెట్టాకే తీసుకురా. ఈ సీజను పోతే పోయింది."

సెంగోడన్ తల వంచుకుని బండెక్కాడు. పూంగోదై కళ్ళు తుడుచుకుని దగ్గరికి వెళ్ళింది.

"చెవులు కుట్టే రోజుకు రా అన్నా. పాప నీ ఒళ్ళోనే కూర్చుంటుంది."

అతని మొహంలోకి ప్రాణం వచ్చింది. "మరి నువ్వు... నాతో మాట్లాడతావా తల్లీ?"

"పాపకు మేనమామ ఉన్నాడు. నాకు అన్న ఉన్నాడో లేడో... నాకింకా తెలియదు."

బండి కదిలింది. నిమ్మకాయలు చితికాయి. పనికి బయలుదేరాల్సిన బండి, చామంతి దండతోనే పుట్టింటి దారి పట్టింది. యాళిని వచ్చి అమ్మ కొంగు లాగి ప్రసాదం మరమరాలు పెట్టమంది. పూంగోదై పాపను ఎత్తుకుని, భర్త వెనకాలే లోపలికి నడిచింది.