బదులు మనిషి

ఆగిరిపల్లి దాటాక రోడ్డు పక్కనే ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఆ సీజన్‌లో అక్కడ షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేరాను. మాది నూజివీడే, స్కూటీ మీద వెళ్ళొచ్చేదాన్ని. పని కష్టమేం కాదు. ముగ్గిన కలెక్టర్ రకం మామిడికాయలు కడిగి బల్లల మీదకు వస్తాయి. ఆడవాళ్ళు తొడిమ కోసి, మచ్చలు తీసి మిషన్లోకి వదులుతారు. వాసన మాత్రం ఒంటికి పట్టేసేది. ఇంటికొచ్చి తలస్నానం చేసినా, అన్నంలో కూడా ఆ తీపి కుళ్ళు వాసనే.

హాల్లో అందరికీ తెల్లకోటు, టోపీ, మాస్కు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. చేతులు చూసి ఎవరెవరో పోల్చుకోవడం మెల్లగా అలవాటైంది.

కంపెనీ రోల్ మీద ఉన్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళకి క్యాజువల్ లీవు, సిక్ లీవు అన్నీ ఉన్నాయి. బల్లల దగ్గర నిలబడే ఆడవాళ్ళు కాంట్రాక్టర్ తెచ్చిన మనుషులు. వాళ్ళు రాకపోతే అది లీవు కాదు, పని మానేసినట్టే. నేను ప్రొబేషన్‌లో ఉన్నాను కాబట్టి నాకూ లీవుల్లేవు. సింధూర అనే నా పేరు పక్కన 'కన్ఫర్మ్' అని పడేదాకా నోరెత్తకూడదని ఇంట్లో చెప్పి పంపారు.

ముసునూరు నుంచి వచ్చే సుష్మ రెండో బల్ల దగ్గర చేసేది. కాయలు కోస్తుంటే కొమ్మ విరిగి వాళ్ళాయన రాజేష్ కిందపడ్డాడు. నడుం దెబ్బతింది. విజయవాడ ఆసుపత్రిలో చేర్చారు. ఆ సాయంత్రం సుష్మ హెచ్ఆర్ మేనేజర్ ఆనంద్ బాబు గారి గదిలోకి వచ్చి నిలబడింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నాలుగు రోజులు సెలవివ్వండి సార్. ఆయన దగ్గర ఎవరూ లేరు."

"లీవనేది ఉద్యోగులకి. నువ్వు మా ఉద్యోగివి కాదు. కాంట్రాక్టర్‌నడుగు."

"ఆయన మిమ్మల్నే అడగమన్నాడండీ."

"అయితే బదులు మనిషిని పెట్టి పో. రేపు నీ బల్ల ఖాళీగా ఉందో, మళ్ళీ ఈ గేటు లోపలికి రావు."

సుష్మ ఏడవలేదు. ఆయన వంక సూటిగా చూసింది.

"ఎవరో ఒకరు వస్తార్లెండి సార్," అని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. తోటల్లో ఆకు కదలడం లేదు. గాలివాన వస్తుందని అందరికీ తెలుస్తూనే ఉంది. హాల్లోకి వెళ్ళేసరికి రెండో బల్ల దగ్గర మనిషి ఉంది. హమ్మయ్య, సుష్మ ఎవర్నో పంపింది అనుకున్నాను.

టక్... టక్... టక్...

కత్తి స్టీలు బల్లకి తగులుతున్న చప్పుడు. మిగతావాళ్ళ చప్పుళ్ళలో కలవడం లేదు. టీ బెల్లు మోగింది. అందరూ బయటికెళ్ళారు. ఆవిడ కదల్లేదు. తల కూడా ఎత్తలేదు. దగ్గరికి వెళ్ళాను. అంతసేపటి నుంచి కోస్తున్నా ఆ వేళ్ళకి సొన మరక అంటలేదు. చేతులు నానిపోయినట్టు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. ఆవిడ దగ్గర మామిడి వాసన లేదు. జ్వరం మనిషి కప్పుకున్న దుప్పటి వాసన.

వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకుని లాగారు. ఇన్నమ్మ. అందరికంటే పాత మనిషి.

"పలకరించకండి మేడమ్," గుసగుసగా అంది. "దానంతట అదే పోద్ది."

"ఎవరండీ ఆవిడ?"

"పేరు తెలీదు. ఏళ్ళ కిందట ఒక సీజన్‌లో జ్వరంతో పనికొచ్చింది. సెలవడిగితే ఇవ్వలేదు. ఆ బల్ల దగ్గరే పడి ప్రాణం వదిలింది. మా మనిషి కాదంది కంపెనీ. నా మనిషి కాదన్నాడు కాంట్రాక్టరు. ఎవరూ రాలేదమ్మా తీసుకెళ్ళడానికి..."

నవ్వాలనిపించింది. నవ్వు రాలేదు. అప్పుడే జేబులో ఫోను మోగింది. సుష్మ.

"మేడమ్, ఆయనకి ఆపరేషన్ అంటున్నారు. బదులు మనిషి దొరకలేదండీ. నా పేరు తీసేశారా?"

నా చెవిలో సుష్మ గొంతు. నా ఎదురుగా సుష్మ బల్ల. టక్... టక్...

"ఎవర్నీ పంపలేదా నువ్వు?"

"ఎవరున్నారు మేడమ్ నాకు?"

పైకి పరిగెత్తి ఆనంద్ బాబు గారికి చెప్పాను. ఆయనకి అర్థమైంది ఒక్కటే, గేట్ పాస్ లేని మనిషి లోపలికొచ్చిందని. టీ అయి అందరూ బల్లల దగ్గరికి తిరిగొస్తుండగా, విసురుగా దిగి హాల్లోకి వచ్చాడు. ఇన్నమ్మ దణ్ణం పెట్టి అడ్డం నిలబడితే పక్కకి తోసేశాడు.

"ఏయ్! ఎవరి మనిషివే నువ్వు?"

కత్తి ఆగింది.

బయట గాలి ఒక్కసారిగా రేకుల మీద విరుచుకుపడింది. కరెంటు పోయింది. జనరేటర్ గుర్రుమని ఆగిపోయింది. హాలంతా చీకటి. మాస్కు వెనక నుంచి తడి గొంతు ఒకటి, మెల్లగా...

"ఎవరి మనిషినండీ?"

ఆనంద్ బాబు గారి బూట్లు వెనక్కి జరిగిన చప్పుడు.

"చెప్పండి సార్... ఎవరి మనిషిని?"

ఏదో పెనుగులాడిన చప్పుడు. ఆయన మూలుగు. తర్వాత...

టక్... టక్... టక్...

మళ్ళీ కత్తి. ఈసారి వేగంగా. ప్రతి దెబ్బకీ ఆయన అరుస్తున్నాడు. మెరుపు మెరిసింది. ఆ వెలుగులో చూశాను. బల్ల దగ్గర నిలబడి కోస్తున్నది ఆయనే. బల్ల మీద కాయల్లేవు. ఎడమచెయ్యి చాపి పెట్టుకున్నాడు. ఆయన కుడి మణికట్టు మీద, నానిపోయిన తెల్లటి వేళ్ళు...

ఆడవాళ్ళు కేకలు పెడుతూ తలుపు వైపు పరిగెత్తారు. నేనెందుకు పరిగెత్తలేదో ఇప్పటికీ తెలీదు. నోటికొచ్చింది అరిచేశాను.

"నా మనిషివే! నువ్వు నా షిఫ్ట్ మనిషివే అమ్మా! సెలవిచ్చాను, వెళ్ళు! వెళ్ళిపో!"

చప్పుడు ఆగింది.

నా చెవి పక్కన, వెచ్చగా, జ్వరం ఊపిరి.

"సరేనండీ."

లైట్లు వెలిగేసరికి ఆనంద్ బాబు గారు బల్ల మీద వాలిపోయి ఉన్నారు. చెయ్యి చుట్టూ టవల్ చుట్టి కారులో వేసుకుని తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. వేళ్ళు దక్కలేదు. మిషన్ ప్రమాదం అని రాసుకున్నారు. జీతంతో కూడిన మెడికల్ లీవు ఆ పూటే మంజూరైంది. ఆ గొడవలో రెండో బల్ల సంగతి అందరూ మర్చిపోయారు. సుష్మ పేరు ఉండిపోయింది.

నేను ఉద్యోగం మానేశాను. ఇంట్లో తిట్టారు. తిట్టనీ అనుకున్నాను.

కొన్నాళ్ళకి మనసు కుదుటపడ్డాక, సుష్మని చూడాలనిపించి విజయవాడ వెళ్ళాను. పట్టపగలు. వార్డు నిండా జనం, ఎండ, ఫినాయిల్ వాసన. సుష్మ మందుల కోసం కిందకెళ్ళిందట. రాజేష్ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతను నన్ను చూడటం అదే మొదటిసారి. పేరు చెప్పగానే మొహం విప్పారింది.

"మీ గురించి ఎప్పుడూ చెప్తుంటుందండీ," అన్నాడు.

తర్వాత నా భుజం మీదుగా చూసి, మంచం కింద ఉన్న స్టూలు వైపు చెయ్యి చాపాడు.

"అదేంటండీ, ఇద్దరూ నిలబడే ఉన్నారు? స్టూలు ఒక్కటే ఉంది. ముందు ఆవిణ్ణి కూర్చోనివ్వండి... పాపం, జ్వరంతో ఉన్నట్టున్నారు."

నేను ఒక్కదాన్నే వచ్చాను.