రాకుమారుడి నాలుక

దివాను షెన్ ఆ రోజు కాస్త నోరు మూసుకుని ఉంటే, వంటవాడు వెయ్ చెరసాల ముఖం చూసేవాడే కాదు.

చీనా దేశపు కొండల్లో యున్‌లో అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడి జనం ఒంట్లో బాగుండకపోతే ముందు పొయ్యి దగ్గరికే వెళ్ళేవారు. వేడి చేసేది ఏది, చలవ చేసేది ఏది అని చూసి వండి పెడితే అదే మందు. వెయ్ అలాంటి వంటలో ఆరితేరినవాడు. వాగు పక్కన అల్లం చేను, ఇంట్లో కూతురు సూయిన్, అంతే ఆయన లోకం.

ఒకనాడు రాకుమారుడు లిన్ వేటలో దాహమేసి, మంచుకొండ మీది భూతం శాపం పెట్టిన ఊటలో నీళ్ళు తాగాడు. పిల్లవాడి ఒళ్ళు మంచుగడ్డలా చల్లబడింది. వెయ్‌ని పిలిపించారు. రోగి నాలుక చూడనిదే ఆయన పొయ్యి ముట్టించడు. షెన్ అడ్డుపడ్డాడు.

"వంటవాడి ముందు రాకుమారుడు నాలుక చాపుతాడా? చేతులు చల్లగా ఉన్నాయిగా, చాలు. వండు."

వెయ్ భయపడి అల్లం జావ కాచి ఇచ్చాడు. అది తాగిన లిన్ మరి కళ్ళు తెరవలేదు. షెన్ నేరమంతా వెయ్ మీదికి నెట్టి చెరలో వేయించాడు, చేను తన పేర రాయించుకున్నాడు. అమావాస్యలోగా పిల్లవాడు లేవకపోతే వెయ్‌కి ఉరి.

శాపం పెట్టినవాడే తీయాలి కదా. సూయిన్ ఒక గిన్నె, అల్లం, ఎండు రేగుపళ్ళు, బేరిపళ్ళు, పటికబెల్లం మూట కట్టుకుని మంచుకొండకు బయలుదేరింది.

అడవి దారికి అడ్డంగా ఒక పెద్ద తెల్ల నక్క పడి మూలుగుతోంది.

"పచ్చి చేపలు మింగాను తల్లీ. నిన్ను తిందామన్నా ఓపిక లేదు."

"ముందు నాలుక చూపించు."

"కరుస్తానేమో."

"కరిస్తే నీకు వండేదెవరు?"

నాలుక పాలిపోయి ఉంది, అంటే లోపల చలవ. సూయిన్ అల్లం, రేగుపళ్ళు కాచి తాగించింది. కడుపు కుదుటపడ్డాక నక్క ఆమెను వీపున ఎక్కించుకుని మంచులోయ దాటించింది.

గుహలో భూతం మంచుగడ్డలు నములుతూ కూర్చుంది.

"దగ్గరికి రాకు. నన్ను తాకితే గడ్డకట్టిపోతావు."

ఇంత చల్లటి ఒంటికి మళ్ళీ మంచు ఎందుకో సూయిన్‌కు అర్థం కాలేదు.

"భూతం తాతా, ఏదీ, నాలుక చాపు."

"ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు," అంటూ భూతం సిగ్గుపడుతూ చాపింది. నాలుక నిప్పుకణికలా ఎర్రగా, పుళ్ళు పడి ఉంది. పైన మంచు, లోపల మంట. సూయిన్ అల్లం పక్కన పెట్టేసింది. బేరిపండు పటికబెల్లంతో ఉడికించి, చల్లార్చి తినిపించింది. భూతం కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"హాయిగా ఉంది తల్లీ. నా ఊట తాగినవాళ్ళకు నా జబ్బే అంటుకుంటుంది. శాపం తీసేశాను, పో. లోపలి మంట మాత్రం నువ్వే చల్లార్చాలి."

నక్క ఆమెను కోటకు చేర్చింది. షెన్ మళ్ళీ ఏదో అనబోయాడు. నక్క పళ్ళు చూపించేసరికి ఊరుకున్నాడు. రాజు తనే కొడుకు గడ్డం పట్టుకుని నోరు తెరిచాడు. అదే ఎర్రటి నాలుక. సూయిన్ చెంచాతో బేరిపండు రసం కొంచెం కొంచెంగా పోసింది. లిన్ పెదాలు కదిలాయి.

"ఇంకొంచెం," అన్నాడు.

చెర వదిలి వచ్చిన వెయ్, కూతురి చేతులు పట్టుకుని, "ఏమైనా తిన్నావా?" అని అడిగాడు.

"నాలుక చూసి నువ్వే చెప్పు నాన్నా," అని చాపింది సూయిన్.

షెన్‌ను దేశం నుంచి వెళ్ళగొట్టారు. వెయ్ కోట వంటశాలకు పెద్ద అయ్యాడు. లిన్ పొద్దున్నే వచ్చి ఆయన ముందు నాలుక చాపి నిలబడేవాడు. అంతా బాగానే ఉంది కానీ, షెన్ అప్పటికే వాగు గట్టు తెగ్గొట్టి, తను రాయించుకున్న ఆ చేనును చెరువు చేసేశాడు. రాజు వేరేచోట ఎంత భూమి ఇస్తానన్నా వెయ్ తలూపలేదు. ఆయనకు పోయింది ఒక్కటే, తాత చేత్తో నాటిన ఎకరంపావు అల్లం చేను.