స్టాండు కింద నేల

“మా మామ నన్ను దొంగను చేశాడండీ. కట్టుకున్నదాని ఎదుటే!”

వచ్చినతను ఫొటోగ్రాఫర్. గది మధ్యలో స్టాండు నిలబెట్టి, కెమెరాను చుట్టూ తిప్పి, పైకప్పు నుంచి నేల దాకా అంతా ఒకే బొమ్మలో చూపించడం అతని పని. డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. అసిస్టెంటు, ఒకప్పటి టైపిస్టు, పెన్సిలు తీసింది.

మామ వడ్రంగి. ఒంట్లో ఓపిక తగ్గి, వర్క్‌షాపును ఒక కుర్చీల వ్యాపారికి అమ్మాడు. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు అప్పగించాలని ఒప్పందం. ఫొటో అల్లుడే తీశాడు. వ్యాపారి అప్పగింతకు ఒక రోజు ముందే దిగబడి చూస్తే, చెక్క నేలలో జానెడు ముక్క లేదు. దాని మీద ఒక పసిపాదం ముద్ర ఉండేది. ఫొటోగ్రాఫర్ భార్య మూడేళ్ళప్పుడు తడి వార్నిష్ తొక్కి వేసిన ముద్ర.

“చివర్న షాపులో ఉన్నది అల్లుడే అనేశాడు మామ. వ్యాపారి ఊరంతా చెబుతున్నాడు. ఇక నన్ను ఇళ్ళలోకి ఎవరు రానిస్తారు సార్?”

“స్టాండు ఎక్కడ పెట్టావు?”

“సరిగ్గా ఆ ముద్ర మీదే. వెలుతురు బాగుంటుంది, అక్కడే పెట్టమన్నాడు మామ.”

“స్టాండు కింద నేల కెమెరాకు కనపడదుగా?”

“కనపడదు. ఇదివరకు ఆ చోట మా స్టూడియో పేరున్న గుండ్రటి బిళ్ళ వేసి కప్పేసేవాణ్ణి. ఈ మధ్య ఆఖర్న స్టాండు పక్కకు తీసి, నేలను విడిగా ఫొటో తీసి అతుకుతున్నాను.”

ఆ నేల ఫొటోను డిటెక్టివ్ పెద్దది చేశాడు. “అమ్మా, మీ కళ్ళు నయం. ఏమిటిది?”

“పాదం చుట్టూ గీత సార్. వెంట్రుకంత. రూళ్ళకర్రతో గీసినట్టుంది.”

డిటెక్టివ్ తలాడించాడు. ఈయనకు ఈ ఒక్క గీత చాలునని ఆమెకు తెలుసు.

మర్నాడు అందరూ వర్క్‌షాపులో చేరారు. కూతురు తండ్రి వైపు చూడటం లేదు.

“ఫొటో తీసేటప్పటికే ముక్క కోసి, తిరిగి అక్కడే కూర్చోబెట్టారు,” అన్నాడు డిటెక్టివ్. “అంత సన్నగా రంపం ఆడించింది చెయ్యి తిరిగినవాడు. స్టాండు అక్కడే పెట్టమన్నదీ మీరే. పాదం బొమ్మలో పడకపోతే అడిగేవాళ్ళుండరు, తర్వాత వేరే చెక్క అమర్చొచ్చు అనుకున్నారు. అల్లుడు బిళ్ళ మానేసి నేలను కూడా ఫొటో తీస్తున్నాడని మీకు తెలియదు. అంతేనా పెద్దాయనా?”

వడ్రంగి పనిముట్ల సంచిలోంచి గుడ్డ చుట్టిన చెక్క తీశాడు.

“వార్నిష్ పాడుచేసిందని ఆ రోజు ఈ పిల్లను కొట్టాను. ఈ ముద్రను చిత్రిక పట్టేద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. చెయ్యి రాలేదు.”

“అడిగితే ఇవ్వనా?” అన్నాడు వ్యాపారి.

“ఒక్క మేకు కూడా తీసుకెళ్ళనని మాటిచ్చి, ఏ మొహంతో అడగను?”

“మరి నన్నెందుకు ఇరికించావు మామయ్యా?”

“ఆయన గద్దిస్తే నోటికొచ్చింది నీ పేరే. ఇంట్లోవాడివి, పడతావులే అనుకున్నా. తప్పే అల్లుడూ.”

“నీకు దొంగతనమూ రాదు, అబద్ధమూ రాదు నాన్నా,” అంటూ కూతురు ఆ చెక్కను నేల మీద పెట్టి, ముద్ర పక్కన తన పాదం ఆనించి చూసుకుంది.

వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. “ఊళ్ళో నేనన్న మాట నేనే సరిదిద్దుతాను. ఆ ముక్క మీరే ఉంచుకోండి. నాకు పోయిందెంతో మాత్రం కొలవండి.”

అసిస్టెంటు టేపు తీసింది. వడ్రంగి దాన్ని ఆమె చేతిలోంచి అందుకుని, మోకాళ్ళ మీద కూర్చుని నేలలోని ఖాళీని తనే కొలిచాడు.

“తొమ్మిదంగుళాల పొడవు. ఆరంగుళాల వెడల్పు.”