కొంగున కట్టిన ఉంగరం

రాజమండ్రి స్టేషనులో విజయవాడ మరపుబండి ఎక్కేవాళ్ళు వరుసలో నిలబడి, ఫోన్లూ కలాలూ గుడ్డసంచుల్లో వేసి సీలు వేయించుకుంటున్నారు. మందాకిని తన సంచి అందుకుంటూ, ముందు నిలబడ్డ భర్త వీరభద్ర చేతిని ఓరగా చూసింది. చిటికెన వేలికి ఉంగరం ఉంది.

"ఇంకా తీయలేదక్కా" అంది, సాగనంపడానికి వచ్చిన అక్క చెవిలో.

"అయితే ఇవాళ కూడా సంతకం పెట్టకు. మళ్ళీ వాయిదా అడుగు."

"అదే చేస్తాను. ఆయన అది తీసేసిన రోజున పెడతాను."

పెళ్ళిలో బిందెనీళ్ళలో వేసి ఇద్దరి చేతా వెతికించిన ఉంగరం అది. మందాకినికే దొరికింది. తనే అతని వేలికి తొడిగింది. మూడేళ్ళు తిరిగేసరికి విడాకుల కేసు నడుస్తోంది.

ఒకే కేసుకు వెళ్ళేవాళ్ళకు న్యాయస్థానం పంపే టికెట్లు పక్కపక్క సీట్లకే వస్తాయి. ఎవరూ అభ్యంతరం చెప్పరు. దారిలో ఏం జరిగినా దిగాక గుర్తుండదు కదా. దిగే తలుపుకు మరపు తోరణం ఉంటుంది. దాని కింద నుంచి అడుగు బయట పెట్టగానే, బండి ఎక్కినప్పటి నుంచి జరిగినదంతా మనసులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఇప్పుడే ఎక్కి ఇప్పుడే దిగినట్టుంటుంది. ఆ తోరణాలు వచ్చాక బండ్ల వేగం పెంచే అవసరమే లేకపోయింది. కరెంటు ఆదా అని ఇంకా తగ్గించారు కూడా. విజయవాడకు నాలుగు గంటలు పడుతుంది. ఒక ఊళ్ళో ఇల్లు, మరో ఊళ్ళో ఉద్యోగం మామూలైపోయాయి. మొదట్లో కొందరు దారిలో చీటీలు రాసుకుని, దిగాక తమ రాత తామే చదువుకుని బెంబేలెత్తిపోయారు. అందుకే కలాలకు సీలు.

బండి గోదావరి వంతెన దాటింది. కొవ్వూరులో వీరభద్ర కిటికీలోంచి జామకాయలు కొన్నాడు. ఉప్పూకారం అద్దిన ముక్క ఒకటి ఆమె వైపు చాచాడు.

"వాయిదాకి వెళ్తా జామకాయలేంటండీ?"

"వాయిదాకేం ఆకలేస్తుంది? మనకేస్తుంది గానీ."

నవ్వు ఆపుకోబోయి ఆమెకు పొలమారింది. అతను నీళ్ళసీసా అందించాడు. గాలికి అతని జుట్టు పిచ్చుకగూడులా రేగి ఉంది. ఆమె సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సర్దు, పర్లేదు. దిగాక గుర్తుండదుగా" అన్నాడు.

మరపుబండిలో మనుషులు అలాగే ఉంటారు. నిలవని మాటకు భయం ఉండదు.

"ఒకటి అడుగుతాను" అంది ఆమె జుట్టు సర్దుతూనే. "ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకునేవారు. నేనంత చేదైపోయానా?"

అతను కిటికీలోంచి పొలాలను చూస్తూ చెప్పాడు. "రోజూ రానూ పోనూ ఈ బండిలోనే కదా ఉండేవాణ్ణి. నాకేమో ఆఫీసు తలుపులోంచి తిన్నగా మనింటి తలుపులోకి వచ్చినట్టుండేది. ఒళ్ళు మాత్రం విరిగిపోయేది, ఎందుకో తెలిసేది కాదు. నీతో చెప్పాల్సినవన్నీ ఈ సీట్లో కూచునే అనుకునేవాణ్ణేమో మందా. గుమ్మంలోకి వచ్చేసరికి ఏం మిగిలేది కాదు."

"నేను అలిగానని అయినా తెలిసేదా?"

"తెలిసేది. బతిమాలే ఓపికుండేది కాదు."

ఏలూరు దాటేసరికి ఆమె తల అతని భుజం మీద ఉంది. కేసు వద్దనుకున్నారు. దిగగానే తిరుగుబండి ఎక్కేద్దామనుకున్నారు.

"గుర్తుంటేగా" అంది మందాకిని.

మరిచిపోకూడనిది ఏదైనా ఉంటే కొంగున ముడి వేసుకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. కొంగు చేతిలోకి తీసుకుంది. వాయిదాలకని పక్కన పెట్టుకున్న నేతచీర అది. మూల దగ్గర గుడ్డ నలిగి, దారాలు విచ్చుకుని ఉన్నాయి. అక్కడ ఇదివరకే ముడి వేసి విప్పినట్టుంది.

పోయిన వాయిదాకి దిగాక, ఎందుకు వేసుకుందో తెలియక ఆ ముడి విప్పేసిన సంగతి ఆమె అతనికి చెప్పింది.

"అయితే పోయిన వాయిదాకి వెళ్ళేప్పుడు కూడా..." అని ఆగిపోయాడు వీరభద్ర.

ఉత్త ముడి చాలదని ఇద్దరికీ అర్థమైంది. గన్నవరం వచ్చేసింది. అతను ఉంగరం లాగి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇది కట్టు. దీన్ని చూశాక కూడా ఎలా మర్చిపోతావు? నాకు నువ్వు చెబుదువుగాని."

ఆమె దాన్ని కొంగులో పెట్టి, పళ్ళతో లాగి మరీ ముడి బిగించింది. తోరణం దాకా అతని చెయ్యి వదల్లేదు.

విజయవాడ ప్లాట్‌ఫారం మీద, తన చెయ్యి అతని చేతిలో ఉండటం చూసి మందాకిని ఉలిక్కిపడి లాక్కుంది.

"తోపులాటలో పట్టుకుని ఉంటాను" అన్నాడు అతను సంజాయిషీగా.

ఇప్పుడే కదా అక్కకు చెయ్యి ఊపి ఎక్కింది. నోట్లో మాత్రం ఎందుకో ఉప్పూకారం రుచి. కొంగు బరువుగా మోకాలికి తగిలింది. చూస్తే ముడి. విప్పుతుంటే గోళ్ళు నొప్పెట్టాయి. ఉంగరం జారి అరచేతిలో పడింది.

ఆమె అతని చిటికెన వేలు చూసింది. ఉంగరం ఉండాల్సిన చోట తెల్లటి చార ఉంది.

వీరభద్ర కూడా చూశాడు, ముందు తన వేలిని, తర్వాత ఆమె అరచేతిని. "దారిలో అడిగి తీసేసుకున్నావన్నమాట" అన్నాడు మెల్లగా.

అతనే ఇచ్చేసి ఉంటాడని ఆమెకు తెలుసు. తను అడిగి ఉండదు.

మందాకిని ఉంగరాన్ని పర్సులో వేసుకుంది. నలిగిన కొంగును అరచేత్తో సాపు చేసింది. తర్వాత గుడ్డసంచి సీలు తెంచి, కలం బయటికి తీసింది.

"పదండి" అంది.