ఐసు వద్దన్న వ్యాను

"కలెక్టర్ గారు చర్చలకి పన్నెండింటికి వస్తారు. బాంబు కూడా పన్నెండింటికే పేలుతుంది," అన్నాడు ఫోన్‌లో చీఫ్. "బాంబు స్క్వాడ్‌ని పంపితే ముఠావాళ్ళు ముందే రిమోట్ నొక్కేస్తారు. నువ్వొక్కడివే చూసుకోవాలి. కంగారు పడకు."

దొరబాబుకి కంగారు లేదు. పాతికేళ్ళ గూఢచారి ఉద్యోగంలో భయం, సంతోషం ఎప్పుడో అరిగిపోయాయి. అందుకు బాధపడదామన్నా బాధ రావడం లేదు.

యానాం సరిహద్దు వంతెన మీద రాస్తారోకోకి అది మూడో రోజు. రేటు పడిపోయిందని ఆంధ్రా రొయ్యల రైతులు ముప్పై వ్యాన్లు సరుకుతో సహా అడ్డం పెట్టేశారు. వాటిలో ఒకదాంట్లో విదేశీ ముఠా బాంబు పెట్టింది. పేలితే ఆంధ్రావాళ్ళూ యానాంవాళ్ళూ కొట్టుకు చావాలని వాళ్ళ ప్లాన్.

నల్లకళ్ళద్దాలతో, టీవీ మైకుతో ఒక అందగత్తె పక్కన నిలబడింది. డబుల్ ఏజెంట్ రూబీ.

"పులస దొరికిందా అండీ?"

"సీజన్ కాదండి."

కోడ్ కలిసింది. "ఏ వ్యానో నాకూ చెప్పలేదు," అందామె. "నేను ఇద్దరికీ పనిచేస్తానండీ. ఇద్దరి తరఫునా చావలేను." చకచకా వంతెన దిగిపోయింది.

దొరబాబు వాచీలో పేలుడు మందు వాసన పట్టే సెన్సర్ ఉంది. రొయ్యల కంపుకి అది ముప్పై వ్యాన్ల దగ్గరా కూసింది. టైము పదకొండూ నలభై.

పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా యానాం వైపు నుంచి ట్రాలీ ఆటోలు వచ్చాయి. మూడు రోజులుగా పాలూ కూరలూ అందక తిట్టుకుంటున్న ఊరు, రైతులకి ఐసు పంపింది. ముందు ఆటోలోంచి ఐసు ఫ్యాక్టరీ సూర్యావతి దిగింది.

"మీ గొడవ మీదేనండి. రొయ్యేం పాపం చేసింది? కుళ్ళిపోతుంటే చూస్తూ ఎలా కూర్చుంటాం?"

రైతులు ఎగబడ్డారు. చివరి వ్యాను డ్రైవరు మాత్రం కదల్లేదు.

"మాకొద్దండి."

"మొహమాటం ఏంటి బాబూ! ఊరికే ఇస్తున్నాం."

"వద్దన్నానా!"

మండుటెండలో ఐసు వద్దనే రొయ్యల వ్యాపారిని దొరబాబు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మిగతావాటిలా ఆ వ్యాను కింద నీటి చుక్కయినా కారలేదు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసి, పెన్ను సూదితో మెడ మీద ఒక్క పోటు పొడిచాడు. డ్రైవరు కూలబడ్డాడు. జనం వడదెబ్బ అనుకుని విసరడం మొదలెట్టారు. వాడి జేబులోని రిమోట్ దొరబాబు జేబులోకి మారింది.

వెనక తలుపు తీశాడు. పొడి ట్రేల మధ్య టైమర్. నలభై సెకన్లు. మూత విప్పాడు. ఇరవై. మూడు తీగలు. బయట రెండొందల మంది ఐసు కోసం అరుచుకుంటున్నారు. పసుపు తీగ తెంపాడు. అంకె రెండు దగ్గర ఆగిపోయింది.

ఏమీ అనిపించలేదు. దిగి, చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

సూర్యావతి మజ్జిగ గ్లాసు అందించింది. సగం చొక్కా మీద ఒలికింది.

"చేతులు అలా వణికిపోతున్నాయేంటండీ?"

దొరబాబు చూసుకున్నాడు. నిజమే. తన చేతులే.

పన్నెండు దాటగానే చీఫ్ ఫోన్ మోగింది. "శభాష్! ఎనీ డ్యామేజ్?"

"వ్యానుకైతే లేదు సార్."