ఎర్రబడిన వీధి

ఆఫీసు హాలు మధ్య గాలిలో వెలుగుతో గీసినట్టు ఒక పట్నం వెలిసింది. అందులో ఒక్కో ఇల్లూ ఒక్కో కోడ్ ఫైల్. విశాఖ కొండల మీదుగా జనాన్ని మోసే గాలిపల్లకీల సాఫ్ట్‌వేర్ మొత్తం అక్కడే కనిపిస్తోంది. ఈమధ్య తప్పు దొరికిన ఇల్లు ఎర్రగా వెలిగేలా డాక్టర్ మృణాళిని ఆ యంత్రాన్ని తయారుచేసింది. ఎరుపు చినుకుల్లా ఊరంతా చెదిరి పడుతుందనుకుంది. తీరా చూస్తే ఊరంతా తెల్లగా ఉంది, ఒక్క వీధి మాత్రం కుంపటిలా రగులుతోంది.

“బెల్లానికి చీమలు పట్టినట్టు అన్నీ ఒక్కచోటే చేరాయేం?” అన్నాడు మేనేజర్ పట్టాభి.

“అది బ్రేకుల భాగమండీ. గాలిని బట్టి పల్లకీని ఆపేది,” అంది మృణాళిని.

“రాసిందెవరు?”

వెనకాల నిలబడ్డ కూర్మారావు చెయ్యెత్తాడు.

“తప్పు ఆయనది కాదు,” అంది మృణాళిని. “కష్టమైన పనీ, మాటిమాటికీ మార్చాల్సిన పనీ అక్కడే ఉన్నాయి. నలుగురూ నడిచే దారిలోనే కదా గుంతలు పడేది! అక్కడ మరింత శ్రద్ధ పెట్టమని దానర్థం.”

పట్టాభి తలూపాడు. మర్నాడే కూర్మారావును టికెట్ల విభాగానికి మార్చాడు. తప్పు దిద్దినవాళ్ళ పేరు కూడా ఆ ఎర్రటి ఇంటి మీద పడేలా యంత్రాన్ని మార్పించి, ఎవరి పేరు మీద ఎరుపు కనిపిస్తే వాళ్ళకి ప్రమోషన్ లేదన్నాడు.

ఇక ఆ వీధిలో అడుగుపెట్టినవాడు లేడు. మార్పుల్లేవు, పరీక్షల్లేవు. వెతికితేనే కదా తప్పు దొరికేది! కొన్నాళ్ళకి పట్నమంతా మల్లెపూవులా తెల్లబడింది. పట్టాభి మిఠాయిలు పంచాడు. మృణాళినికి ఆ తెలుపు మింగుడుపడలేదు. “ఒకసారి ఎక్కి చూద్దాం రండి,” అని అతన్ని వెంటబెట్టుకుని పల్లకీ ఎక్కింది.

సముద్రం మీంచి ఈదురుగాలి లేచింది. పల్లకీ లోయ మీద ఆగిపోయింది. గాలి తగ్గినా కదల్లేదు. కింద కంట్రోల్ రూములో ఆ కోడ్ తెరవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మృణాళిని కూర్మారావుకి ఫోన్ చేసింది.

“తప్పెక్కడుందో నాకు తెలుసు మేడమ్. చిటికెలో పని. కానీ దిద్దితే నా పేరు మీద మళ్ళీ ఎరుపు పడుతుంది కదా. పిల్లలుగలవాణ్ణి.”

పట్టాభి కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“నా పాస్‌వర్డ్ చెప్తాను, నా పేరుతో దిద్దండి,” అంది మృణాళిని.

పల్లకీ కదిలింది.

ఆ పాస్‌వర్డ్ ఆఫీసంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరూ ఆమె పేరుతోనే ధైర్యంగా తప్పులు వెతికి దిద్దసాగారు. పల్లకీలు మళ్ళీ ఎక్కడా ఆగలేదు. యంత్రం మాత్రం, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైనైనా రాయని మృణాళినే ఊళ్ళోని తప్పులన్నింటికీ మూలమని తేల్చింది.